అబార్షన్ గురించి కాలేజీలో ఎవరూ సరిగ్గా చెప్పలేదు, నేను నేర్చుకోవాలా?

ప్రశ్న: మేడమ్, నేను మెడిసిన్ చివరి సంవత్సరం చదువుతున్నాను. మాకు అబార్షన్ మీద జరిగింది ఒకే ఒక్క క్లాసు. అందులో సగం చట్టంలోని వారాల లెక్కలు, మిగతా సగం వైవాలో అడిగే నిర్వచనాలు. పోయిన వారం రాత్రి నేను క్యాజువాల్టీలో ఉండగా ఒకావిడ బాగా రక్తం పోతూ వచ్చింది. బాత్రూమ్‌లో జారిపడ్డానని చెప్పింది. డ్యూటీలో ఉన్న సీనియర్ "ఏం మింగావో నిజం చెప్పు" అని అందరి ముందూ అరిచారు. ఆవిడ ఏడుస్తూ ఉండిపోయింది. నన్ను హిస్టరీ తీసుకోమన్నారు, ఏం అడగాలో ఎలా అడగాలో నాకు తెలియలేదు. ప్రొసీజర్‌కి తీసుకెళ్తుంటే నేనూ వస్తానన్నాను, స్టూడెంట్స్ అక్కర్లేదన్నారు. నిజం చెప్పాలంటే నాకు అబార్షన్ అంటే మనసు ఒప్పదు, మా ఇంట్లో పాపమనే అంటారు. పైగా నేను పిల్లల డాక్టర్ అవుదామనుకుంటున్నాను. నాకు ఇదంతా అవసరమా? అవసరమైతే కాలేజీలో చెప్పనిది ఎక్కడ నేర్చుకోను? ఆవిడ వచ్చే వారం రివ్యూకి వస్తుంది, ఆ రోజు కూడా నాకు పోస్టింగ్ అక్కడే. ఆవిడ ముఖం చూడాలంటేనే టెన్షన్‌గా ఉంది.

సమాధానం: తల్లీ, ముందు నీ సూటి ప్రశ్నకి సూటిగా చెప్తాను. అవసరం. పిల్లల డాక్టరువైనా, ఎముకల డాక్టరువైనా అవసరం. రేపు నువ్వు అబార్షన్ చేస్తావా చేయవా అన్నది నీ మనసు తేల్చుకోవాల్సిన సంగతి, దాని జోలికి నేను రాను. కానీ దాని గురించి తెలియకుండా డాక్టర్ అయిపోవచ్చా అంటే మాత్రం, కుదరదు.

మనం మాట్లాడే తీరే ఒకసారి గమనించు. "ఆమెకి అబార్షన్ అయింది" అంటాం, "ఆమె అబార్షన్ చేయించుకుంది" అంటాం. కడుపు పోయింది, కడుపు తీయించుకుంది. చివర క్రియ మారేసరికి వినేవాళ్ళ ముఖం మారిపోతుంది, మొదటిదానికి అయ్యో అంటారు, రెండోదానికి పెదవి విరుస్తారు. క్యాజువాల్టీ మంచం మీద ఉన్న శరీరానికి మాత్రం ఆ తేడా తెలియదు. గర్భసంచి ముఖద్వారం తెరుచుకుని ఉంటుంది, లోపల కొంత మిగిలిపోయి ఉంటుంది, రక్తం పోతుంటుంది. దానికి చేసేదీ ఒకటే. లోపలే గుండె ఆగిపోయిన గర్భానికి వాడే మిఫెప్రిస్టోన్, మిసోప్రోస్టాలే అబార్షన్‌కీ వాడతారు, సగం పడి సగం మిగిలిన గర్భాన్ని శుభ్రం చేసే వాక్యూమ్ సిరంజితోనే కావాలని చేసే అబార్షన్ కూడా చేస్తారు. గర్భమని తెలిసినవాటిలో నూటికి 10 నుంచి 20 దాకా వాటంతట అవే పోతాయి. అంటే అబార్షన్ పాఠాన్ని పక్కన పెట్టిన కాలేజీ, బిడ్డ కావాలని ఎదురుచూసి పోగొట్టుకున్న ఆడవాళ్ళకి చేయాల్సిన వైద్యాన్ని కూడా పక్కన పెట్టేసినట్టే. ఇది చాలామంది ప్రొఫెసర్లకి తట్టదు, నాకు చాలా బాధ కలిగించే విషయం ఇదే.

సవితా హలప్పనవర్ పేరు నువ్వు వినే ఉంటావు. మన దేశం నుంచి ఐర్లండ్ వెళ్ళిన 31 ఏళ్ల దంతవైద్యురాలు. 2012 అక్టోబరులో 17 వారాల గర్భం నిలవదని తేలిపోయాక, ఇక తీసేయమని ఆమె, భర్త అడిగారు. పిండం గుండె ఇంకా కొట్టుకుంటోంది కాబట్టి అక్కడి చట్టం ప్రకారం కుదరదన్నారు. ఇన్ఫెక్షన్ ఒళ్ళంతా పాకి అక్టోబరు 28న ఆమె చనిపోయింది. ఆ మరణం తర్వాత రేగిన ఆగ్రహమే చివరికి 2018 మే నెల రెఫరెండం, అంటే ప్రజల ఓటింగ్, దాకా వెళ్ళి అక్కడి రాజ్యాంగంలోని అబార్షన్ నిషేధాన్ని తీసేయించింది. ఇది అందరూ చెప్పేదే. మెడికల్ స్టూడెంట్లకి నేను ప్రత్యేకంగా చెప్పేది ఇంకొకటుంది. ఆ తర్వాత జరిగిన విచారణల్లో చట్టం ఒక్కటే బయటపడలేదు. ఆమె పల్స్, టెంపరేచర్, రక్తపరీక్షలు సరిగ్గా గమనించలేదని, సెప్సిస్, అంటే ఇన్ఫెక్షన్ ఒళ్ళంతా పాకి ప్రాణం మీదికి రావడం, మొదలైందని పసిగట్టడానికి అవకాశం ఉండీ జారవిడిచిన సందర్భాలు 13 ఉన్నాయని ఐర్లండ్ ఆరోగ్య ప్రమాణాల సంస్థ నివేదికలో రాసింది. చట్టం చేతులు కట్టేసిందన్నది నిజమే, కానీ జ్వరం, పల్స్ వేగం, దుర్వాసనతో స్రావం, నొక్కితే కడుపు నొప్పి, వీటిని కలిపి చూసి ఇది సెప్సిస్ వైపు పోతోంది అని గుర్తుపట్టడానికి ఏ చట్టమూ అడ్డు కాదు. అది చదువుతో, అలవాటుతో వచ్చేది.

నా సంగతే ఒకటి చెప్తాను, ఇన్నేళ్ళైనా మర్చిపోలేదు. నేను హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు ఒక రాత్రి ఇరవై రెండు, ఇరవై మూడేళ్ల అమ్మాయి కడుపునొప్పితో వచ్చింది, పక్కనే అత్త. కొద్దికొద్దిగా రక్తం కనిపిస్తోందని చెప్పింది. మందులేమైనా వేసుకున్నావా అని అత్త ముందే అడిగాను. లేదంది. కేస్ షీట్‌లో లేదని రాసేసి, నొప్పికి ఇంజెక్షన్ చేయించి పడుకోబెట్టాను. గంటన్నరకి బాత్రూమ్‌కని లేచి కళ్ళు తిరిగి పడిపోయింది. గర్భం ట్యూబులో ఉంది, అది పగిలింది. ఆపరేషన్ చేసేసరికి కడుపంతా రక్తమే. ఎలాగో బతికింది. రెండు రోజుల తర్వాత వార్డులో నర్సుకి చెప్పిందట, పది రోజుల కిందట మాత్రలు వేసుకున్నానని, రక్తం కనపడేసరికి పనైపోయిందనుకున్నానని. నర్సుకి చెప్పింది, నాకు చెప్పలేదు. ఎలా చెప్తుంది, నేను అడిగిన తీరు అలాంటిది. ఆ మాత్రలు గర్భసంచిలోని గర్భానికే పనిచేస్తాయి, ట్యూబులో ఉన్నదాన్ని ఏమీ చేయవు. ఇది నాకు పుస్తకంలో తెలుసు. నెల తప్పడం, ఒక పక్క నొప్పి, కొంచెం రక్తం, భుజం దగ్గర నొప్పి, కళ్ళు తిరగడం, ఇవన్నీ వైవాలో గడగడా చెప్పినదాన్నే. మాత్రలు వేసుకున్న మనిషి ఎదురుగా ఉంటే ఆ మాట ఆమె నోట ఎలా రప్పించాలో మాత్రం నాకెవరూ నేర్పలేదు.

అందుకే నువ్వు చెప్పిన ఆ రాత్రి గురించి కాస్త ఎక్కువ మాట్లాడతాను. "ఏం మింగావో నిజం చెప్పు" అన్నారు. సరే, ఆమె చెప్పిందే అనుకుందాం, మాత్రలు వేసుకున్నానని. దాంతో వైద్యంలో ఏం మారేది? మాత్రల వల్ల మొదలైన రక్తస్రావానికీ, దానంతటది పోయినదానికీ పైకి తేడా కనపడదు, చేసే వైద్యమూ ఒకటే. మనకి తెలియాల్సినవి వేరే ఉన్నాయి. ఎన్ని వారాలు, ఎప్పటినుంచి రక్తం, ఎన్ని ప్యాడ్లు తడిశాయి (రెండు గంటలు వరసగా గంటకి రెండు పెద్ద ప్యాడ్లు నిండా తడిస్తే అది ఆగి చూడాల్సిన రక్తస్రావం కాదు), జ్వరం ఉందా, గర్భం లోపలే ఉందని ఎప్పుడైనా స్కాన్‌లో చూశారా, ఎవరైనా లోపల పుల్లలాంటిదీ పరికరంలాంటిదీ ఏదైనా పెట్టారా. ఈ చివరిది చాలా ముఖ్యం, ఎందుకంటే గర్భసంచికి రంధ్రం పడి ఉండొచ్చు, పేగుకి దెబ్బ తగిలి ఉండొచ్చు, ధనుర్వాతం టీకా సంగతి కూడా చూడాలి. అంటే అడగాలి, తప్పకుండా అడగాలి, కానీ తప్పు ఒప్పించడానికి కాదు, ప్రాణం నిలబెట్టడానికి. ఇంకొక సంగతి. ఆమె జారిపడ్డానని చెప్పగానే అక్కడున్నవాళ్ళందరికీ మాత్రలే తట్టాయి. ఎవరైనా కొట్టారేమో అన్నది ఒక్కరికీ తట్టలేదు. గర్భంతో ఉన్నప్పుడు ఇంట్లో దెబ్బలు తినే ఆడవాళ్ళు కూడా జారిపడ్డామనే చెప్తారు. నిజంగానే జారిపడి కూడా ఉండొచ్చు.

ఎలా అడగాలంటావా. ముందు వెంట వచ్చినవాళ్ళని బయట కూర్చోమను, ఎవరైనా సరే, భర్తయినా, తల్లయినా. కర్టెన్ వెయ్యి. ఆమె కళ్ళ ఎత్తుకి నీ కళ్ళు వచ్చేలా కూర్చో. "ఏం జరిగినా మీకు వైద్యం చేస్తాం, అందులో మార్పేమీ ఉండదు. మీరేదైనా మాత్ర వేసుకున్నా, ఎవరైనా లోపల ఏదైనా చేసినా, ఎవరైనా కొట్టినా నాకు చెబితే మీకు ఏ ప్రమాదం ఉందో తొందరగా తెలుస్తుంది" అను. ఈ మాటలే అనక్కర్లేదు, నీ మాటల్లో చెప్పుకో. కానీ ఇంటి దగ్గర అద్దం ముందో, హాస్టల్లో ఫ్రెండ్ ముందో నాలుగైదుసార్లు పైకి అని చూసుకో. కుట్లు వేయడం స్పాంజి మీద ప్రాక్టీస్ చేస్తాం కదా, దీన్ని మాత్రం ప్రాక్టీస్ లేకుండానే వచ్చేస్తుందనుకుంటాం. రాదు. అర్ధరాత్రి, నిద్ర లేక, పక్కన సీనియర్ విసుక్కుంటుంటే అసలు రాదు. ఆ సీనియర్ కూడా ఒకప్పుడు ఇలాంటి క్లాసులోనే కూర్చుని ఇలాగే ఏమీ నేర్చుకోకుండా బయటికొచ్చిన మనిషే అయ్యుంటారు. దాంతో ఆ అరుపు ఒప్పయిపోదు, అది ఆపాల్సిందే.

పిల్లల డాక్టరు సంగతి. పన్నెండు, పద్నాలుగేళ్ల పిల్లలు కూడా నీ దగ్గరికే వస్తారు. కడుపునొప్పితో, వాంతులతో వచ్చిన పదిహేనేళ్ల పిల్లకి గర్భం అయ్యుండొచ్చన్న ఆలోచన నీకు రాకపోతే ఇంకెవరికీ రాదు, ఆ వయసులో ఆ గర్భం వెనక అత్యాచారం ఉండొచ్చు, ఆ పిల్లకి ఉన్న పెద్ద దిక్కు ఆ పూట నువ్వే కావొచ్చు. ఫిట్స్ ఉన్న ఆడపిల్లకి వాల్‌ప్రోయేట్ రాస్తూ రాస్తూ పోతారు, ఆమె పెద్దయి గర్భం వస్తే బిడ్డ వెన్నెముకకీ, తెలివితేటలకీ దెబ్బ తగిలే మందు అది. మొటిమలకి ఐసోట్రెటినాయిన్ కూడా అంతే. గర్భనిరోధం గురించి మాట్లాడకుండా ఆ ప్రిస్క్రిప్షన్ రాయకూడదు. నెలల బిడ్డని టీకాకి తెచ్చిన తల్లి గొంతు తగ్గించి "మళ్ళీ నెల తప్పింది డాక్టరమ్మా" అని నిన్నే అడుగుతుంది. గైనకాలజిస్టుని కలవండి అని చీటీ రాసివ్వొచ్చు. కానీ ఎన్ని వారాల్లోపు వెళ్ళాలో, ఏ ఆసుపత్రికి వెళ్తే తిట్టకుండా చూస్తారో తెలియకుండా రాసిచ్చే చీటీ వల్ల ఆమెకి రోజులు గడిచిపోవడం తప్ప ఒరిగేదేముంది?

ఇక నీ మనసు ఒప్పకపోవడం గురించి. నువ్వు దాచుకోకుండా రాశావు, అది నాకు నచ్చింది. పాపమా కాదా అని నీతో వాదించను. ప్రపంచంలో చాలాచోట్ల దీనికి దారి ఇప్పటికే ఉంది. అమెరికాలో గైనిక్ పీజీ కోర్సులన్నిటిలో అబార్షన్ శిక్షణ అందుబాటులో ఉండాలని 1996 నుంచి నియమం ఉంది, మనసు ఒప్పనివాళ్ళు చేయకుండా తప్పుకోవచ్చు, కానీ అబార్షన్ తర్వాత వచ్చే ఇబ్బందులకి వైద్యం చేయడం మాత్రం వాళ్ళూ నేర్చుకుని తీరాలి. 2022లో అబార్షన్ రాజ్యాంగ హక్కు కాదని అక్కడి సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక కొన్ని రాష్ట్రాల్లో అబార్షన్ నిషేధమైనా ఆ నియమాన్ని ఎత్తేయలేదు, వేరే రాష్ట్రానికి పంపించైనా నేర్పించమన్నారు. అదే గీత నువ్వూ గీసుకో. చేయనని చెప్పే హక్కు నీకుంది, అప్పుడు చేసేవాళ్ళ దగ్గరికి ఆలస్యం లేకుండా పంపాలి, అబద్ధం చెప్పకూడదు, భయపెట్టకూడదు, ప్రాణం మీదికి వచ్చినప్పుడు తప్పుకోకూడదు. ఒక కాగితం తీసుకుని, మా ఇంట్లో వాళ్ళు ఏమంటారు, నేను ఏమనుకుంటున్నాను, నా ఎదురుగా ఉన్న పేషెంటుకి ఏం కావాలి, ఈ మూడూ విడివిడిగా రాసి చూడు. ఇలాంటి అభ్యాసాలు చాలా దేశాల్లో డాక్టర్లకి, నర్సులకి వర్క్‌షాపుల్లో చేయిస్తారు. అందులో ఎవరి అభిప్రాయాన్నీ మార్చమని బలవంతపెట్టరు, నీ అభిప్రాయం నీ చేతుల్లోకి దిగి పేషెంటుకి చెడు చేయకుండా చూసుకోమంటారు, అంతే.

ఎక్కడ నేర్చుకోవాలి అన్నావు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మార్చిలో అబార్షన్ కేర్ మీద మార్గదర్శకాలు ఇచ్చింది, ఉచితంగా దొరుకుతాయి, దాంతో మొదలుపెట్టు. అందులో చదివితే నీ పాత నోట్సులో ఎన్ని కొట్టేయాలో నీకే తెలుస్తుంది. డీ అండ్ సీ, అంటే ఇనుప క్యూరెట్‌తో గీకడం, ఇక వద్దని, 14 వారాల లోపు సర్జరీ అయితే వాక్యూమే వాడమని అందులో స్పష్టంగా ఉంది. 12 వారాల లోపు మాత్రలతో అయితే 200 మిల్లీగ్రాముల మిఫెప్రిస్టోన్, ఒకటి రెండు రోజుల తర్వాత 800 మైక్రోగ్రాముల మిసోప్రోస్టాల్. అబార్షన్‌కి ముందు అందరికీ తప్పనిసరిగా స్కాన్ అక్కర్లేదు. 12 వారాల లోపు ఆర్‌హెచ్ నెగెటివ్ రక్తం ఉన్నవాళ్ళకి యాంటీ-డీ (తర్వాతి గర్భాలకి ఇబ్బంది రాకుండా ఇచ్చే ఇంజెక్షన్) కూడా అక్కర్లేదంటుంది, ఇది విని మీ ప్రొఫెసర్ కూడా ఆగి ఆలోచిస్తారు. అదే సంస్థ లెక్క ప్రకారం ఏడాదికి ప్రపంచంలో దాదాపు 7 కోట్ల 30 లక్షల అబార్షన్లు జరుగుతాయి, వాటిలో నూటికి 45 దాకా సురక్షితం కానివి. ఇంతమందికి అవసరమయ్యే వైద్యానికి మీ కాలేజీలో దక్కింది ఒక్క క్లాసు. మన దేశ చట్టాన్ని మాత్రం గైడు పుస్తకంలో కాకుండా అసలు పాఠం తెచ్చుకుని నువ్వే చదువు, చట్టంలో లేని అడ్డంకులని ఉన్నట్టు చెప్పుకోవడం ఆసుపత్రుల్లో చాలా మామూలు. భర్త సంతకం కావాలనడం అందులో ఒకటి, చాలా దేశాల చట్టాల్లో ఆ మాటే ఉండదు.

చేత్తో చేసే పనికి బొప్పాయి చాలు. నవ్వులాటకి చెప్పడం లేదు, ఎన్నో మెడికల్ కాలేజీల్లో నిజంగా అలాగే నేర్పిస్తారు. సన్నగా ఉన్న కొన గర్భసంచి ముఖద్వారంలా, లోపలి ఖాళీ గర్భసంచిలా ఉంటుంది. మెత్తటి ప్లాస్టిక్ గొట్టం లోపలికి పెట్టి, 60 మిల్లీలీటర్ల సిరంజితో వాక్యూమ్ లాగితే గింజలు, గుజ్జు వస్తాయి. ఎంత లోతుకి వెళ్ళాలి, ఎక్కడ ఆగాలి, ఎక్కువ తోస్తే పండు అవతలి పక్కకి ఎలా పొడుచుకుపోతుంది, అన్నీ చేతికి తెలుస్తాయి. రెండు గంటల పని.

ప్రొసీజర్ గదిలోకి రానివ్వలేదని బాధపడ్డావు. అక్కడ మాత్రం నేను నీతో పూర్తిగా ఏకీభవించలేను తల్లీ. ఆ స్థితిలో ఉన్న ఆమెని ఎవరైనా అడిగారా, ఒక విద్యార్థిని చూడొచ్చా అని? మత్తులో ఉన్న ఆడవాళ్ళని అనుమతి లేకుండా విద్యార్థులతో పరీక్ష చేయించడం ఎన్నో ఏళ్ళు ఎన్నో దేశాల్లో మామూలుగా జరిగింది, దాన్ని ఆపడానికి ఇప్పటికీ నిబంధనలు తెస్తూనే ఉన్నారు. మనం నేర్చుకోవాలి, కానీ ఆమెకి తెలిసి, ఆమె సరేనంటేనే. మెలకువగా ఉన్నప్పుడే నువ్వే వెళ్ళి అడుగు. చాలామంది సరేనంటారు, చేయి పట్టుకుని పక్కన నిలబడమనేవాళ్ళూ ఉంటారు. వద్దంటే వెనక్కి వచ్చెయ్.

డిపార్ట్‌మెంట్‌ని అడగడానికి భయపడకు, కాకపోతే ఒక్కదానివే వెళ్ళకు. అమెరికాలో ఇదే సంగతి మీద 1993లో వైద్య విద్యార్థులే ఒక సంఘం పెట్టుకున్నారు, క్లాసులో ఈ పాఠం లేదని మొదట గొంతెత్తినవాళ్ళలో వాళ్ళున్నారు. నువ్వు సంఘాలు పెట్టక్కర్లేదు. నలుగురైదుగురు కలిసి, ఒక పేజీ రాసుకుని హెచ్‌ఓడీ (డిపార్ట్‌మెంట్ హెడ్) దగ్గరికి వెళ్ళండి. మీరు నేర్పడం లేదు అని కాదు, మాకు ఇవి కావాలి అని అడగండి: బొప్పాయి మీద ఒక పూట, కుటుంబ నియంత్రణ ఓపీలో ఒక రోజు, రక్తస్రావంతో వచ్చిన పేషెంటుని ఎలా అడగాలో నటించి చూపే ఒక క్లాసు. అందులో అబార్షన్ అన్న మాటని వేరే పేరు వెనక దాచకండి. హెచ్‌ఓడీ కాదంటే ఫ్యామిలీ ప్లానింగ్‌లో చాలా ఏళ్ళుగా పనిచేసే సీనియర్ నర్సుని వెతుక్కో, వాళ్ళకి తెలిసినంత మాలో చాలామందికి తెలియదు.

చివరికి, వచ్చే వారం రివ్యూ. ఆవిడకి ఎదురుపడకుండా ఆ పూట సెలవు పెడదామని నీకు అనిపిస్తే, పెట్టకు. ఆవిడ గదిలోకి వచ్చాక వెంట ఉన్నవాళ్ళని బయట ఉండమని, "ఆ రాత్రి నేనూ అక్కడే ఉన్నాను, మీతో అలా మాట్లాడి ఉండాల్సింది కాదు, నేనూ ఏమీ అనలేకపోయాను, క్షమించండి" అని చెప్పు. ఆమె ఏమీ అనకపోవచ్చు, సరేలే అనొచ్చు, ఏడవొచ్చు. తర్వాత రక్తం తగ్గిందా, జ్వరం, వాసన, నొప్పి ఏమైనా ఉన్నాయా, నిద్ర పడుతోందా అని అడుగు. ఇంట్లో ఎవరైనా చెయ్యి చేసుకుంటారా అని కూడా అడుగు. ఇలా గర్భం పోయాక రెండు వారాల్లోపే మళ్ళీ అండం విడుదల కావొచ్చని, అంటే నెలసరి రాకముందే మళ్ళీ గర్భం రావొచ్చని చాలామందికి తెలియదు, అది చెప్పి, ఏ పద్ధతి కావాలో, అసలు కావాలో వద్దో ఆమెనే చెప్పనివ్వు. వద్దంటే వద్దు, ఇంకో బిడ్డ కావాలంటే దాని గురించి మాట్లాడు. కేస్ షీట్‌లో ఆ రాత్రి ఎవరైనా ఆమె గురించి నిందగా ఏదైనా రాసి ఉంటే, ఈ రోజు నువ్వు రాసే పేజీలో ఆమె చెప్పింది చెప్పినట్టు రాయి. మాట్లాడేటప్పుడు నిలబడి మాట్లాడకు, కుర్చీ ఆమె దగ్గరకి జరుపుకుని కూర్చో.